మా చెల్లెలి గదిలో నీలం బలుబు

"పెద్దవ్వా, నిద్ర పట్టలేదంటాండావు గదా, ఈ లైటు తల కాడ పెట్టుకో. నీలం రంగు పెట్టుకొని పండుకుంటే నిద్ర బాగా వస్తాదంట. బిడ్డ పుట్టినాక నేను గూడా పెడదామనుకుంటాండా. కామెర్లు గూడా పోతాయంట గదా, ఫోన్లో సూసినా."

ఏందీ? రోంత గట్టిగా చెప్పమ్మీ, ఈ పక్క చెవి పూర్తిగా పోయింది, ఆ పక్కది ఇంగా రోంత ఉండాది. లైటా? ఇట్లియ్యి, సూస్తా. అబ్బో, రంగులు మారతాండాదే. ఎరుపు, పచ్చ... ఆ, ఇదిగో, నీలం. ఆపు. ముందు ఆపమ్మా, ఆపినాక మాట్లాడదాం.

కోపం కాదులే. ఏడో నెల కడుపుతో పుంగనూరు దాకా బస్సులో వచ్చి, ముసిలిదానికి నిద్ర పట్టల్లని లైటు తెచ్చినావు, నీ మీద నాకు కోపం యాల? నన్ను పెట్టుకోమంటే పెట్టుకుంటా. ఎనభై దాటినదానికి ఏ రంగైతే ఏంది. బిడ్డకు పెడతానన్నావు సూడు, ఆ మాటకే ఆపమన్నా. కూచో. ఆ దిండు నడుముకు పెట్టుకో. మీ రెడ్డెప్ప మామకు చెవులు ఎట్లా పోయినాయో నీకు ఎవురన్నా చెప్పినారా? దేవుడు అట్లే పుట్టించినాడని చెప్పింటారు. అది అబద్ధం. పుట్టినప్పుడు తలుపు కొట్టుకుంటే ఉలిక్కిపడేవాడు వాడు. నేను సూసినా.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో ఆయాగా ఉండేది, చిన్నబిడ్డల వార్డులో. డెబ్బై ఎనిమిదో తొమ్మిదో... మా చిన్నాయన కూతురి పెండ్లి అయిన ఏడు, కాదు కాదు, దానికి ముందు ఏడు. మొగుడు పోయినాక నేను చౌడేపల్లె కాడ మా ఊరికి మళ్ళుకోకుండా ఆ పని పట్టుకున్నా. ఒంటి ఆడది టౌనులో ఎట్లా బతుకుతాదని మా నాయన ఒకటే అరుపు. బతికినా. పావలా ఇస్తే కొంగు నిండా బొరుగులు పోసే కాలం అది, నా జీతం నాకు సరిపోయేది.

మా వార్డులో నీలం లైట్ల పెట్టె ఒకటుండేది. పైన వరసగా నీలం ట్యూబులైట్లు, కింద తొట్టి. కామెర్లు వచ్చిన పసిబిడ్డను బట్టలు విప్పి, కండ్లకు గుడ్డ కట్టి దాంట్లో పండబెడతారు. పసుపు ముద్ద మాదిరి వచ్చిన బిడ్డ మూడు నాలుగు దినాలకు తేటపడి ఇంటికి పోయేది. తడిగుడ్డలు మార్చేది నేనే, కండ్లగుడ్డ జారితే మళ్ళా కట్టేది నేనే. సదివింది అయిదో తరగతి, అయినా గానీ ఆ పెట్టె సంగతి నాకు తెలిసినంత ఇంగెవురికీ తెలీదని నా గొప్ప.

ఒకటి మాత్రం నాకు వింతగా ఉండేది. పొద్దున్నే డాక్టరమ్మ వచ్చేసరికి సిస్టరమ్మ ఆ ట్యూబులు ఆపేసి, బిడ్డను కిటికీ కాడికి ఎత్తకపోయేది. డాక్టరమ్మ ఆడ నిలబడి సూసేది. ఖరీదు ట్యూబులు గదా, ఊరికే కాలిపోకుండా ఆపుతాండారులే అనుకున్నా. అడగలా. అడిగింటే ఒక నిముసం పని.

మా చెల్లెలు సుగుణను, అంటే మీ అవ్వను, కుప్పం అవతల గుడుపల్లెకు ఇచ్చినాం. మీ తాత చెంగప్ప మంచోడు, నోట్లో నాలిక లేనోడు. మొదటి కానుపు బిడ్డ దక్కలా. పురుడు తీరకుండానే బిడ్డను గుడుపల్లెకు ఎత్తకపోయినారు, దోవలో గాలి సోకి పోయిందని మా అమ్మ నమ్మకం. అందుకని రెండో కానుపుకు సుగుణ వచ్చినప్పుడే చెప్పేసింది, పదకొండు దినాలు బిడ్డ గడప దాటేదానికి లేదని. మొగబిడ్డ పుట్టినాడు. నేను లీవు పెట్టుకొని పోయినా. మూడో దినానికి బిడ్డ మొగం పసుపు తిరిగింది.

ఇంగ సూస్కో. పసరు పోయిస్తానని మా అమ్మ. పక్కూర్లో వాత పెట్టేవాడు ఉండాడు, మణికట్టు మీద సూది కాల్చి పెడితే ఇట్లే దిగుతాదని మా నాయన. మూడు దినాల బిడ్డకమ్మీ! నేను పోయి గది గడప మీద కూచున్నా. వాత పెట్టేదుంటే ముందు నా చేతి మీద పెట్టి లోపలికి పోండి అన్నా. మా నాయనకు ఎదురు చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు. ఆ పొద్దు నేను చెప్పినా, ఆయన తువ్వాలు దులుపుకొని చేనికాడికి పోయినాడు. ఆస్పత్రికి ఎత్తకపోతానంటే మాత్రం మా అమ్మ కదల్లా. పదకొండు దినాలు అయినాకే అన్నింది.

సరే, బిడ్డ ఆస్పత్రికి రాకుంటే ఆస్పత్రిని బిడ్డ కాడికి తెస్తా అనుకున్నా. అంత పంతం నాది. మరుసటి దినం ఈ పుంగనూరుకే వచ్చినా. అంగళ్ళలో రంగు పూసిన బలుబులు అమ్మేవాళ్ళు, పెండ్లిండ్లకు, జాతర్లకు. నీలంది నలభై క్యాండిల్‌ది ఒకటి తీసుకున్నా. అంగడాయన పచ్చది గూడా తీసుకోమ్మా, రెండూ పెడితే అందంగా ఉంటాదన్నాడు. నాకు అందం వద్దు, మందు కావల్లన్నా. ఆయన నన్ను పిచ్చిదాన్ని సూసినట్లు సూసినాడు.

బాలింత గది ఎట్లుంటాదో నీకేం తెలుసు. గాలి తగలకూడదని కిటికీకి గోనెపట్ట కట్టేసింటారు. ఆ చీకటి గదిలో నీలం బలుబు ఏసినా. బిడ్డ బట్టలు విప్పి, కండ్లకు నా చేతిగుడ్డ కట్టి, బలుబు కింద పండబెట్టినా, అచ్చం మా వార్డులో మాదిరి. అందరూ వాకిట్లోనుంచి తొంగి సూస్తాండారు. బిడ్డ మీద పసుపు ఉన్నట్లుండి మాయమైపోయింది! మా అమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ పొద్దు ఆమె పసుపు చీర కట్టుకోనుండాది, ఆ చీర గూడా ఆ లైటులో బూడిద రంగుగా కనపడింది. నేను సూసినా. సూసి గూడా నాకు బుద్ధి రాలా.

రెండు దినాల్లో ఊరంతా తెలిసిపోయింది. రత్నమ్మ ఆస్పత్రి లైటు తెచ్చిందంట, కామెర్లు దిగిపోయినాయంట అని. మీ తాత గుడుపల్లె నుంచి వచ్చి, బిడ్డను గడపలో నుంచే సూసి, నాకు దండం పెట్టినాడు. మరిది దండం పెడితే, అబ్బా, నేను భూమ్మీద లేను. సుగుణ ఒక్కతే గొణుగుతా ఉండేది. అక్కా, వాడు పాలు తాగేది తగ్గించినాడు, ఏడ్సను గూడా ఏడ్సలేదు అని. నేనేమన్నానో తెలుసా? చల్లని లైటు గదా, నిద్ర బాగా పట్టింది, లేపొద్దు అన్నా. ఆ మాట నా నోటితో నేనే అన్నా.

ఆరో దినం పొద్దున పది గంటలప్పుడు కరెంటు పోయింది. గదిలో కటిక చీకటి. బిడ్డకు గుడ్డ మార్చల్ల, నాకు చెయ్యి కనపడలా. మా అమ్మ పెరట్లో పేడ ఎత్తతాండాది. ఒక్క నిముసమే గదా అని బిడ్డను ఎత్తుకొని పెరట్లోకి వచ్చినా. ఎండ రోంత వచ్చింది. గుడ్డ తీసినా.

మొగం ఒకటే కాదమ్మీ. రొమ్ము మీద బొటనవేలితో అదిమి తీసినా, అదిమిన తావు పసుపు. కడుపు, పసుపు. అరికాళ్ళు గూడా. కండ్లగుడ్డ తీస్తే తెల్లగుడ్డు పసుపు. తట్టినా లేయలా. కాలు గిల్లితే సన్నగా మూలిగినాడు, అంతే. అప్పుడు తెలిసింది నాకు, సిస్టరమ్మ ట్యూబులు ఎందుకు ఆపుతాదో. నీలం లైటు కింద పసుపు కనపడదు. ఉండాదో పోయిందో తెలీదు. అందుకే ఆపి, కిటికీ కాడ సూసేది. నేను రెండు దినాలు కామెర్లను కప్పిపెట్టి, తగ్గిందని ఊరంతా చెప్పుకున్నా. ఆ పెట్టెలో ట్యూబుల బలం ఏంది, నా రంగుపూసిన బలుబు ఏంది.

పేడతట్ట పట్టుకొని మా అమ్మ అడ్డం వచ్చింది. గడప దాటించినావా అని నెత్తి కొట్టుకుంటాండాది.

"దాటించేసినా గదమ్మా. ఇంగ ఏ గడప అయితే ఏంది, మదనపల్లె దాకా దాటిస్తా," అన్నా.

సుగుణ పచ్చి బాలింత. కంబళి కప్పుకొని నా వెనకాలే వచ్చేసింది, ఎవురూ రమ్మనలా. చౌడేపల్లెలో బస్సు కోసరం నిలబడినాం, పుంగనూరులో దిగి మళ్ళా ఇంగో బస్సు. మాతో వచ్చిన మీ తాత డ్రైవరు కాడికి పోయి నిలబడి, అన్నా రోంత బిన్నా పోనీ, తొందరగా పోనీ అని అదొకటే మాట. నోట్లో నాలిక లేనోడు దోవంతా మాట్లాడినాడు.

ఆస్పత్రిలో బిడ్డకు రక్తం మార్చినారు. మీ తాతది సరిపోయింది. ఇన్ని దినాలు ఏం చేస్తాండారని డాక్టరమ్మ కేకలేసింది. పల్లె కదమ్మా అని చెప్పి తలొంచుకున్నా. బలుబు సంగతి చెప్పలా, సుగుణ ముందర చెప్పలేకపోయినా. నా వార్డులోనే, నేను తుడిచే పెట్టెలోనే పండబెట్టినారు వాణ్ణి. పొద్దున ట్యూబులు ఆపినప్పుడల్లా కిటికీ కాడికి ఎత్తకపోయింది నేనే, సిస్టరమ్మను తాకనియ్యలా. పన్నెండో దినం పాలకు ఏడ్సినాడు. నేను బాత్రూములోకి పోయి తలుపేసుకొని ఏడ్సినా.

బతికినాడు. కానీ వానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు వాని వెనకాల గంగాళం కిందపడితే తిరిగి సూడలా. మళ్ళా డాక్టరమ్మ కాడికే వచ్చినారు. కామెర్లు తలకెక్కినాయి, చెవుల నరాలు పోయినాయి అన్నింది. రెండు దినాలు ముందు తెచ్చింటే అన్నింది. ఆ రెండు దినాలు నాయి.

నేను ఊరుకోలా. ఊరుకోలేను. మా ఊర్లో నన్ను సూసి నీలం బలుబులు తెచ్చిపెట్టుకున్నోళ్ళు మూడు ఇండ్లోళ్ళు తేలినారు. మూడిండ్లకూ పోయి, నా చేత్తోనే బలుబులు ఊడపెరికినా. ఒకామె నేను దిష్టి పెట్టినానని తిట్టింది. తిట్టుకోమన్నా. లీవు దొరికినప్పుడల్లా, ఏ ఇంట్లో పసిబిడ్డ ఉన్నా పోయేది, బిడ్డను పెరట్లోకి తీసుకురండి, వెలుతురులో సూస్తా అనేది. తేకుంటే కదిలేది లేదు. పసుపు కనపడితే ఆస్పత్రికి. అరవల్ల, బతిమిలాడల్ల, ఏదన్నా కానీ బస్సు ఎక్కించేది.

ఆ తర్వాత గుడుపల్లెకు పోయినా, సుగుణకు చెప్పేదానికి. పెట్టింది నేనే, తగ్గిందని చెప్పింది నేనే, లేపొద్దన్నది గూడా నేనే అని మొత్తం చెప్పినా. అది రాగిపిండి కలుపుతాండాది. చేతులు కడుక్కొని లేసింది. "అన్నం తిని పో" అన్నింది. అంతే. మూడేండ్లు నాతో మాట లేదు, జాబు లేదు. దానిది తప్పు కాదు. నేనైతే అన్నం గూడా పెట్టకపోతినేమో.

మళ్ళా కానుపు వచ్చింది దానికి. మీ అమ్మ పుట్టింది. రెండో దినం పొద్దున మీ తాత మదనపల్లె ఆస్పత్రి గేటు కాడ నిలబడుకోనుండాడు. ఏందప్పా అంటే, సుగుణ నిన్ను పిలుచుకోని రమ్మనింది, బిడ్డను వెలుతురులో సూడల్లంట, ఇంగెవురు సూసినా నమ్మదంట అన్నాడు. నేను కట్టుకున్న చీరతోనే బస్సెక్కినా. పోయేసరికి కిటికీకి గోనెపట్ట లేదు. మా అమ్మే తీసేసింది.

అందుకే చెప్తాండా అమ్మీ. ఎండ మందు అనుకొనేవు, అట్లా గూడా కాదు. వెలుతురు సూసేదానికి. మందు ఆస్పత్రిలో. ఈ మెత్తని లైట్లు పెద్దోళ్ళు పెట్టుకొని పండుకోనీ, బిడ్డ తావుకు మాత్రం రానియ్యొద్దు. బిడ్డ ఊరికే నిద్రపోతాండాదంటే బాగుండాదని అనుకోవద్దు. లేపు. ఏడిపించు.

ఏందీ? రెడ్డెప్పకు తెలుసా అనా? తెలుసు. వానికి గూడా చెప్పల్ల గదా, వాని చెవులు అవి. పోయిన ఏడు డెయిరీ కాడ పాల క్యాన్లు దింపి ఈడికి వచ్చినాడు. చేతుల్తోనే చెప్పినా. పైన బలుబు సూపించినా, పసిబిడ్డను ఊపినట్లు ఊపినా, నన్ను సూపించుకున్నా, వాని చెవి తాకినా. రెండు తూర్లు చెప్పినా. వానికి అర్థమైంది. చెయ్యి సాచి నా చెవి తాకినాడు, ఈ పోయిన చెవి. తాకి, నీదీ పోయింది గదా, ఇంగ ఇద్దరం ఒకటే అన్నట్లు తలూపి నవ్వినాడు.

నీ కడుపు సల్లగుండ. బిడ్డ పుట్టినాక మూడో దినం నన్ను ఎత్తకపోండి, మంచం మీద ఉన్నా సరే. నా కండ్లు ఇంగా బాగానే ఉండాయి. పొద్దున్నే రండి, వెలుతురు ఉన్నప్పుడు...