ఖాళీ బస్సుల రూటు

ఆ డిక్కీ వంక అలా చూడకండి బావా. సర్దిందంతా మళ్ళీ దించమంటారా ఏంటి? పొద్దున్నుంచీ ఇది మూడోసారి సర్దడం. ఒకసారి మీ చెల్లెలు దింపించింది, దుప్పట్లు కిందికెళ్ళాయని. ఇంకోసారి చిన్నాడి వాంతి కవర్ల కోసం నేనే దింపాను. ఇప్పుడు మీరొచ్చారు.

మీ చెల్లెలే పంపింది కదా? తెలుసులెండి. 'అన్నయ్యా, నువ్వైనా చెప్పు, ఈ ఏడైనా పిల్లల్ని అందరిలాగా సముద్రానికి తీసుకెళ్ళమను' అని ఉంటుంది. పెళ్ళై పదమూడేళ్ళు బావా. మీరు గేటు తీసినప్పుడే ఆవిడ మాట మీ మొహం మీద కనిపించింది.

ఎక్కడికా? ఆనకట్ట చూడ్డానికి. నీళ్ళా... వానలు పడితే ఉంటాయట.

నవ్వండి, నవ్వండి. మా డిపోలో డ్రైవర్లూ ఇలాగే నవ్వుతారు. టైమ్ కీపర్ ఉద్యోగమంటే తెలుసుగా మీకు. ఏ బస్సు ఎన్నింటికొచ్చింది, ఎన్నింటికెళ్ళింది, ఎంతమందితో వెళ్ళింది, అంతా నా రిజిస్టర్లోనే. సెలవులు దగ్గర పడగానే ఆ రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటాను. ఏ రూటులో బస్సు నలుగురైదుగురితో ఈసురోమని తిరిగొస్తోందో చూస్తాను. ఆ రూటు చివర ఏ ఊరుంటే అదే మా విహారయాత్ర. ఓ ముసలి డ్రైవరైతే అన్నాడు, 'ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళే ఉండలేక వచ్చేస్తుంటే మీరు సరదాకి పోతారేంటి సార్' అని.

పోయినేడు మూతబడ్డ గడియారాల ఫ్యాక్టరీ. అంతకుముందేడు రైలు ఆగని రైల్వే స్టేషన్. దాని పక్కన గెస్ట్ హౌస్‌లో మేం తప్ప పురుగు లేదు. వాచ్‌మన్ సామాను దించుతూ మెల్లిగా అడిగాడు, 'ఎవరైనా పోయారా బాబూ' అని.

ఇదిగో, ఈ కాయితం చూడండి. ఏడింటికి బయల్దేరాలి. ఎనిమిదీ పదికి మొదటి ఆపు, చిన్నాడు కాస్త గాలి పీల్చుకోవడానికి. తొమ్మిదీ ఇరవైకి రెండో ఆపు, బాత్రూముల కోసం. పదింటికి ఘాట్ రోడ్డు, అది మొదలయ్యేలోపు ఎవరికీ ఏమీ తినిపించకూడదు. మీ చెల్లెలు దీన్ని డ్యూటీ చార్టంటుంది. అననీ. పిల్లల్తో ప్రయాణమంటే మాటలా? మూడు మలుపులు తిరిగితే చాలు, చిన్నాడి మొహం పాలిపోతుంది.

టైమెంతా? ఉండండి, జేబులో ఉంది... ఎనిమిదీ ఇరవై. ఎప్పుడో వెళ్ళిపోవాల్సింది. టైమ్ కీపరై ఉండి వాచీ చేతికి పెట్టుకోడేంటని మళ్ళీ మొదలెట్టకండి. పట్టీ ఒరుసుకుంటోందని చెప్పాను కదా ఎప్పుడో.

ఆ ఊళ్ళ గురించి నేను చెప్పేవి కూడా అబద్ధాలు కావు బావా. క్యూలుండవు. తోపులాట ఉండదు. పిల్లలు ఎంత దూరం పరిగెత్తినా కనిపిస్తూనే ఉంటారు. రాయిని చూస్తారు, తొండని చూస్తారు, నలుగురూ చూసిందే చూడ్డంలో ఏముంది? ఏడేళ్ళుగా ఇదే పాట. పాడీ పాడీ నాకే నిజమనిపించడం మొదలైంది.

బళ్ళో సెలవుల మీద వ్యాసం రాయమన్నారు. మీ మేనకోడలు ఏం రాసిందో తెలుసా? 'మేము వెళ్ళిన ఊళ్ళో ఏమీ లేదు. ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో మా నాన్న చాలా ఓపిగ్గా చూపించారు' అని. టీచరు దాని కింద ఎర్ర గీత గీసి, నా సంతకం కోసం పంపింది. పెట్టాను. ఏం చేస్తాం.

అదిగో, ఆ మెట్ల మీద కూర్చుంది చూడండి. పదకొండేళ్ళ పిల్ల. బ్యాగు సర్దుకుంది, బూట్లేసుకుంది, కారెక్కనంటోంది. అరిచి గోల చేస్తే నాకూ బాగుండేది, నాలుగు కేకలేసేవాణ్ణి. అరవదు. పెద్దావిడలాగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఉండండి, పిలవకండి. ఆ పేరుతో అసలు పిలవకండి.

తుర్రుపిట్ట. మీరు పెట్టిందే కదా. ఏడేళ్ళ క్రితం సముద్రం దగ్గర నా చెయ్యి విడిపించుకుని తుర్రుమందని పెట్టారు. చుట్టాలందరూ అదే పట్టుకున్నారు. ఏ ఇంటికెళ్ళినా, 'ఏమే తుర్రుపిట్టా, ఈసారి ఎక్కడికి ఎగిరిపోతావు' అంటారు. అదీ నవ్వేది. నిజంగానే నవ్వుతోంది కదా అనుకునేవాణ్ణి.

నిన్న సాయంత్రం ఈ కాయితం రాసుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది. రాసినంతవరకూ చదివింది. తర్వాత అడిగింది, 'నాన్నా, నావల్లే కదా మనం ఎక్కడికీ వెళ్ళం?'

నేను తల ఎత్తకుండా రెండో ఆపు టైమ్ రాసుకున్నాను బావా.

'ఈసారి చెయ్యి వదలను నాన్నా. కావాలంటే తాడు కట్టు' అంది.

తాడు. చిన్నాడికి కాదు, దానికి.

అది వదల్లేదు బావా. వినిపించిందా? ఆరోజు అది నా చెయ్యి వదల్లేదు. నేనే వదిలాను.

ఎందుకంటే ఏం చెప్పను? చెప్తే మీరు నమ్మరు. అంత జనంలో, ఎదురుగా సముద్రం పెట్టుకుని నేను చూసింది మా డిపో బస్సుని. అప్పుడే వచ్చి ఆగింది. లేటని చూడగానే తెలిసింది. వాచీ ఎడంచేతికుంది, పిల్ల చెయ్యి ఆ చేతిలోనే ఉంది. టైమ్ చూడాలంటే చెయ్యెత్తాలి కదా, వదిలాను. ముప్పై అయిదు నిమిషాలు లేటు. అంతటితో ఊరుకున్నానా? సెలవు మీదున్న మనిషిని, నాకెందుకు చెప్పండి? జేబులోంచి కాయితం తీసి బండి నంబరు రాసుకున్నాను. రాసుకుని కిందికి చూస్తే పిల్ల లేదు.

నలభై రెండు నిమిషాలు. మీరు బండ్లవైపు వెతికారు, నేను నీళ్ళవైపు. నేనెందుకు నీళ్ళవైపు వెళ్ళానో మీకూ తెలుసు. చివరికి టోపీలమ్మే ఆవిడ దగ్గర దొరికింది. స్టూలు మీద కూర్చుని, నెత్తిన ఇంత పెద్ద టోపీ పెట్టుకుని.

మీ చెల్లెలు పరిగెత్తుకొచ్చి దాన్ని వాటేసుకుంది, ఆ వెంటనే వీపు మీద ఒకటేసింది. 'నాన్న చెయ్యి ఎందుకు విడిపించుకున్నావే' అని. వెతికేటప్పుడు ఆవిడకి అలాగే చెప్పాను మరి. నోటికి అదే వచ్చింది. దొరికాక చెప్దాంలే అనుకున్నాను.

పిల్ల నా వంక చూసింది. నాలుగేళ్ళది, దానికేం తెలుసు? నేనేమన్నానో గుర్తుందా మీకు? 'పోన్లే, కొట్టకు, చిన్నపిల్ల, ఏదో తెలియక చేసింది' అన్నాను. ఎంత మంచి తండ్రినో చూశారా. మీరు కూడా మెచ్చుకున్నారు ఆరోజు.

ఆ తర్వాత వాచీ చేతికి పెట్టుకోలేదు. జనమున్న చోటికీ వెళ్ళలేదు. నాకు భయం బావా, అంతే. నా మీద నాకు భయం. దానికి ప్రశాంతత అని పేరు పెట్టి, ఖాళీ బస్సుల వెనకాల వీళ్ళని ఊరూరా తిప్పాను. తప్పు నాది, తుర్రుపిట్ట అన్న పేరు దానిది. ఎవరు అడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. అందుకే ఏడేళ్ళు నడిచిపోయింది.

తిట్టండి పోనీ.

మీ చెల్లెలికి చెప్తారా? చెప్పండి, ఆపను. కాకపోతే ముందు దానికి చెప్పాలి. నేనే చెప్పాలి. ఈ కాయితంలో ఆ మాట చెప్పడానికి ఎక్కడా టైమ్ రాసుకోలేదు, చూశారుగా.

చెప్తే నవ్వుతుందా, ఏడుస్తుందా? ఇంకెప్పుడూ నా చెయ్యి పట్టుకోదేమో. పట్టుకోకపోతే మానె. పదకొండేళ్ళొచ్చాయి, ఎలాగూ వదిలేసే వయసే.

లేచింది. ఇటే వస్తోంది. మీరు లోపలికి వెళ్ళండి బావా. వెళ్తూ వెళ్తూ ఆ పేరుతో మాత్రం పిలవకండి.

ఇదిగో, ఈ వాచీ కూడా పట్టుకుపోండి.