చాటలో తునికాకు

బోధన్ బస్సు దిగి, నిజామాబాద్ వృద్ధాశ్రమానికి వచ్చిన కూతురు తల్లి ఒళ్లో చాట, తునికాకులు చూసి ఆగిపోయింది.

"తంబాకు లేదక్కా, ఉత్త ఆకులే," అంది ఆయా. "మతి తప్పినా చేతులు పని మరువయని మాకు ట్రైనింగుల జెప్పిండ్రు. అవ్వ బీడీలు చేసిన మనిషాయె. మొదట్ల దుప్పట్లు చింపేది. ఇప్పుడు ఆకు చుట్టుకుంట కూసుంటది. ఇంట్ల గట్ల చింపకుంట నువ్వెట్ల ఆపినవ్?"

"బుజ్జగిచ్చి ఆపేదాన్ని."

తల్లి తలెత్తింది. కూతుర్ని చూడగానే ఆకు వదిలేసి, రెండు మణికట్లూ దగ్గరగా చేర్చి ముందుకు చాపింది.

"గట్ల సాపుతదేంది?"

ఇంట్లో తాను రోజూ తువ్వాలతో మంచానికి కట్టేసిన చేతులవి.

"గాజులు తొడగమంటుందేమో."

ఆయా ఆ మణికట్ల వంక చూసింది. ఒక ఆకు తీసి కూతురి చేతిలో పెట్టింది. "నువ్వే ఇయ్యక్కా."

తల్లి ఒక చేత్తో ఆకు అందుకుంది. రెండో చెయ్యి కట్టడానికని అలాగే చాపి ఉంచింది.