చెవిలో ఒక్కసారే

"పది గంటల బస్సు తప్పితే పాల్మాకులకు మల్ల ఒంటిగంటకే. అమ్మా బాపు తయారై అర్ధగంట నుంచి అరుగు మీద కూసున్నరు." గుమ్మంలోంచి భర్త తొందరపెట్టాడు.

"జర ఆగుండ్రి. ఈ ప్రోగ్రాం పరీక్ష ముగించి పన్నెండింటికి ఆఫీసుల ఇయ్యకపోతే నా నౌకరీ పోతది."

"నువ్వు లేకుంటే తొట్టెల ఎట్లయితది? మీ తమ్ముని బిడ్డ చెవుల పేరు చెప్పే మేనత్తవు నువ్వేనాయె."

"నా లొల్లి గూడ పేరుతోనే!" శంషాబాద్‌లోని ఆ కిరాయి ఇంటి ముందుగదిలో, కంప్యూటర్ ఎదుట కూర్చున్న మాధవీలత తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "సర్వర్ల నడిచే ఈ ప్రోగ్రాం ఏ డేటాబేసు నుంచి వివరాలు తీసుకోవాల్నో, దాని పేరు పక్క ఫైల్ల రాసిపెడతం. పరీక్షకని పెట్టిన ఉత్తుత్తి పేరు తీసేసి అసలుది రాసిన. పొద్దటి నుంచి పదిసార్లు రాసిన. అయినా పాతదాన్నే పట్టుకొని ఏలాడుతున్నది."

"మీ తమ్మునికి గూడ ఒక్క పేరు మీద మనసు నిలుస్తలేదు. పొద్దుగాల చిన్మయి అంటడు, మాపటికి సంయుక్త అంటడు. కాయితం మీద ఎన్నిసార్లన్న మార్చుకోనీ, చెవుల పడ్డంక మారుస్తరా ఎవలన్న?"

ఆమె చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఏమన్నరు?"

"చెవుల ఒక్కసారే చెప్తరంటున్న."

"ఈ ప్రోగ్రాం గూడ షురూ అయేటప్పుడు ఒక్కసారే ఆ పేరు చదువుకుంటది. ఫైలు మార్చిన గాని, దీన్ని ఆపనే లేదు నేను!"

ప్రోగ్రాంను ఆపి మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద అసలు పేరు కనబడింది. గోడ గడియారం అప్పటికే పది కావస్తోంది. మాధవీలత ప్రోగ్రాంను ఫ్లాపీలోకి ఎక్కించి, దాన్ని చీరకొంగులో చుట్టుకుని అరుగు మీదికి వచ్చి, అందరి ముందు నిలబడి మెల్లగా చెప్పింది.

"అత్తమ్మా, మీరంత ముందు పోండ్రి. నేను ఆఫీసుకు పోయి, పొద్దుగూకేటాళ్లకు వస్త. అప్పటిదాంక బిడ్డ చెవుల ఎవ్వలు ఏ పేరు చెప్పొద్దనుండ్రి."