చెవి కొస

నిరాశ్రయుల వసతిగృహంలో స్నానాల గది గుమ్మం దగ్గర, గుండు మిషన్ పట్టుకున్న నర్సుకీ, కోటు విప్పని ముసలాయనకీ చాలాసేపటి నుంచి వాదన నడుస్తోంది.

“కోటివ్వు తాతా. పేల వల్ల వచ్చిన జ్వరంతో ఇప్పటికే ముగ్గురు మంచం ఎక్కారు. కుట్లలో పేలుంటాయి, ఉడకబెట్టాలి.”

“సోమవారం ఒక షెల్టర్లో ఉడకబెట్టారమ్మా, బుధవారం ఇంకో దాంట్లో. కోటు చేతులు కురచై మోచేతుల దాకా వచ్చేశాయి. గుండూ రెండుసార్లయింది.”

“అయిందని కాగితం ఇవ్వలేదా?”

“ఇచ్చారు. రెండోచోట కోటుతో పాటు దాన్నీ ఉడకబెట్టారు.”

“నన్నేం చెయ్యమంటావు? కాగితం లేకపోతే మళ్ళీ మొదటికే. నాకు మాత్రం సరదానా?”

“సర్లే. ఆ మెట్ల మీద పడుకున్న పిల్లికి చెవి కొస ఎవరు కోశారు, పాపం?”

“మేమే కోయించాం. వీధిపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. అది చూస్తే ఇంకెవరూ మళ్ళీ ఆపరేషన్‌కి పట్టుకెళ్ళరు.”

“నొప్పెడుతుందా?”

“మత్తిచ్చే చేస్తారు.”

ముసలాయన కోటు విప్పి ఇచ్చాడు. కుర్చీలో కూర్చుని తల పక్కకి వంచాడు.

“గుండు తర్వాత కొడుదువుగానీ, ముందు నాకూ ఆ చెవి కొస కోసెయ్యమ్మా.”