పన్ను మానేదాకా

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె. జాతరలో రాతి గుండు ఎత్తే పోటీకని తిప్పేష్ సంచి సర్దుకుంటున్నాడు. వాళ్ల అవ్వ బయమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

“ఆ పండ్లగుడ్డ సంచిలో పెట్టొద్దు, తీయి.”

“అది లేకుండా గుండు ఎట్ల ఎత్తేది అవ్వా? మనింట్లో అందరూ ఆ గుడ్డను పండ్లతో కరుచుకొనే ఎత్తినారు.”

“వాళ్లకు దవడ పన్ను ఉండె. నువ్వు మొన్న పీకించుకొంటివి. డాక్టరమ్మ ఏం చెప్పింది?”

“వారం దాకా బరువు ఎత్తొద్దనింది. ముందు మెల్లగా నడువు, రక్తం రాకుంటే రోంత రోంత పెంచుకో అనింది.”

“వచ్చిందా?”

“లేదు.”

“నోరు తెరువు.”

“లేదంటాండా గదా.”

“తెరువు రా.”

“పొద్దున నీళ్ల బిందె ఎత్తితే… రోంత వచ్చింది.”

“బిందెకే వస్తే గుండుకు రాదా?”

“పోయిన జాతరకు ఎత్తినోడు ఈ జాతరకు గుండు దగ్గర నిలబడాల. పోకుంటే భయపడినాడని నగుతారు. పోదామంటే నువ్వు. నేను యాడికి పోవాల?”

“ఈడ్నే ఉండు.”

“సరే, ఎత్తను. టెంకాయ కొట్టి, గుడ్డ మన పెద్దనాయన కొడుకు ఎర్రిస్వామన్న చేతికిస్తా. నా బదులు అన్న ఎత్తుతాడు. అట్లిస్తే ఎవురూ నగరు.”

“గుండును చూసినాక నీ చేతులు ఊరికే ఉంటాయా?”

“నీ మీద ఒట్టు.”

“నా మీద వద్దు. నోట్లో ఉండేవే రెండు పండ్లు, అవీ రాలిపోతాయి.”

“నగిస్తివిలే. జరుగు, బస్సొచ్చే టైమయింది.”

“ఎండ శానా ఉండాది.”

“టవలుండాది.”

“సంగటి ఆరినాక రెండు ముద్దలు మింగి పో.”

“తింటి గదా. ఎడమ పక్కనే నమిలినా.”

“రేపు పో.”

“పోటీ ఈ పొద్దు అవ్వా. ఎత్తనంటినే. సాయంత్రం బస్సుకు వచ్చేస్తా.”

“పన్ను మానినాక యాడికైనా పో.”

“మానినాక పోనిస్తావా?”

“వేడి నీళ్లు తాగొద్దు. పుక్కిలించి ఉమ్మొద్దు.”

“అవ్వా. పన్ను మానినాక పోనిస్తావా?”

“సంచి ఆడ పెట్టు.”

“చెప్పు.”

“మీ నాయన బళ్లారికి పనికని ఈ బస్సుకే పోయినాడు. పోయిన మాఘమాసంలో. మళ్లా రాలేదు.”