ఎడమ మడ్‌గార్డు తుప్పు గురించి నాలుగు మాటలు

(మిర్యాలగూడలో బండ్లకు రేకు పని, రంగు పని చేసే మల్సూర్ పని మానేస్తున్నాడని ఏర్పాటు చేసిన వీడ్కోలు సభలో, కాలువల ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన త్రిపురారం గోపయ్య ప్రసంగం.)

సభకు అధ్యక్షత వహిస్తున్న సూర్యాపేట మెకానిక్కుల సంఘం పెద్ద వీరేందర్ గారికి, కోదాడలో స్పేర్‌పార్టుల దుకాణం మూసుకుని మరీ వచ్చిన జవహర్ గారికి, మల్సూర్ గారి భార్య సాలి గారికి, ఆమె పక్కనే కూర్చుని తొందరగా ముగించమని ఇప్పటికే కళ్ళతో చెబుతున్న మా ఆవిడ రాజమ్మకు, వెనక నిలబడి నా వైపు కాకుండా వంటల వైపు చూస్తున్న మిత్రులందరికీ నమస్కారం.

పొద్దున అద్దం ముందు నిలబడి ‘మల్సూర్ గారు’ అనడం అలవాటు చేసుకుని వచ్చాను. ఆరేళ్ళకు పైగా ‘ఏం మల్సూర్’ అన్న నోటికి ఈ ‘గారు’ కొత్త చెప్పులా కరుస్తోంది. ఆయనకూ అంతే ఉన్నట్టుంది, నేను గారు అన్నప్పుడల్లా ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూస్తున్నారు. మధ్యలో ఎక్కడైనా ఆ మాట జారిపోతే క్షమించండి. (నవ్వులు)

బయట గేటు దగ్గరున్న జీపును మీరంతా చూసే వచ్చారు. చూడకుండా రావడం కష్టం. ఇరవై రెండేళ్ళు ఆ జీపులోనే కాలువ కట్టల మీద, బురద దారుల్లో తిరిగి ఉద్యోగం చేశాను. నేను రిటైరైన నెలలోనే దాన్ని కూడా పనికిరాదని రాసి వేలానికి పెట్టారు. నన్ను ఎవరూ పాడుకోలేదు కాబట్టి, నేనే వెళ్ళి దాన్ని పాడుకున్నాను. (నవ్వులు) నాలుగు చక్రాలూ లాగే బండి, ఎంత బురదలోంచైనా బయటికి వస్తుంది. కాకపోతే అప్పటికి దాని రేకులు కొన్ని ఆ బురదలోనే ఉండిపోయేవి. మొదటిసారి రాజమ్మను ఎక్కించుకుని వస్తుంటే మాడుగులపల్లి దాటాక “నా చెప్పేది?” అని అడిగింది. కాళ్ళ కింద తుప్పు తిన్న బొక్కలోంచి చెప్పు రోడ్డు మీద పడిపోయింది. రెండోది పడకుండా మిగతా దారంతా కాళ్ళు పైకెత్తుకుని కూర్చుంది. ఆ రెండో చెప్పు ఇప్పటికీ మా ఇంట్లో భద్రంగా ఉంది, నాతో మాట వచ్చినప్పుడల్లా బయటికి తీయడానికి.

అలా ఆ జీపును కోదాడ రోడ్డు మీదున్న మల్సూర్ షెడ్డుకు తోలుకుపోయాను. ఆయన జేబులోంచి ఒక అయస్కాంతం తీశాడు, పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి ముక్క. తలుపుకు ఆనిస్తే కింద పడింది. బానెట్‌కు ఆనిస్తే పడింది. మడ్‌గార్డుకు ఆనిస్తే, అయస్కాంతం కాదు, మడ్‌గార్డే ఊడి పడింది. చివరికి నా చొక్కా జేబుకు ఆనిస్తే తాళంచెవులకు గట్టిగా అతుక్కుంది.

“సారు, ఈ బండిల ఇనుమంటే గిదొక్కటే. మిగిలిందంత లప్పం, రంగు.”

“జంగంత గీకితే ఏం మిగుల్తది?” అని తుప్పు వైపు చూపించి అడిగాను.

“నువ్వు, స్టీరింగు.”

ఒక్కో రేకూ కోసి, కొత్తది అతికించి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, గుంటల్లో లప్పం పెట్టి రుద్ది చేయాలి, నెలలు పడుతుందన్నాడు. సరేనన్నాను. రంగేం వెయ్యాలని కార్డు చూపించాడు. ఆ చిన్న చిన్న గళ్ళలో నాకు ఏదీ నచ్చక “నా పొలం రంగెయ్యి” అన్నాను. చాలా గొప్పగా అన్నాననుకుని ఇంటికొచ్చి రాజమ్మకు కూడా చెప్పాను.

ఇక్కడ మల్సూర్ గారి పద్ధతి ఒకటి చెప్పాలి. డబ్బా మీది నంబరును ఆయన నమ్మడు. ఏ రంగు కావాలంటే ఆ వస్తువును కళ్ళతో చూసి, దాని ముక్క తెచ్చి పక్కన పెట్టుకుని కలుపుతాడు. అందుకని ఏ రేకు తయారైతే ఆ రోజు త్రిపురారం బస్సెక్కి, మా గట్టు మీద నిలబడి చూసి, ఒక ఆకు తెంపి రుమాలులో చుట్టుకుని పోయేవాడు. జూలైలో బానెట్ తయారైంది. అప్పుడు మడిలో నారు ఉంది, బానెట్ లేతపచ్చ అయింది. ఆగస్టు చివర్లో కుడి తలుపు, నాట్లు పడి కుదురుకున్న పచ్చ. అక్టోబరులో ఎడమ తలుపు, వరి పొట్టకొచ్చి నల్లగా నిగనిగలాడే పచ్చ. నవంబరులో వెనక తలుపు, అది పండిన గింజ రంగు. కోతలయ్యాక పైకప్పు, ఎండు గడ్డి. అన్నిటికన్నా ఆఖరున జనవరిలో ఎడమ పక్క ముందు మడ్‌గార్డు. అప్పటికి మేం యాసంగి పంటకు మడి దమ్ము చేస్తున్నాం. ఆయన ఆ రోజు రుమాలులో ఇంత బురద మూటగట్టుకుని పోయాడు. (నవ్వులు)

బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ నేనూ అక్కడికి వెళ్ళేవాణ్ణి, మరి నువ్వు చూడలేదా అంటారేమో. రంగేసిన ప్రతి రేకునూ దుమ్ము పడకుండా సాలి గారి పాత చీరల్లో చుట్టి పెట్టాడు, అన్నీ బిగించాకే చూపిస్తానన్నాడు. చూపించిన రోజు నాకు నోట మాట రాలేదు. వచ్చాక మాత్రం చాలాసేపు ఆగలేదు. అంతా విని ఆయన ఒక్క మాట అడిగాడు.

“నువ్వు పొలం రంగన్నవ్. పొలం ఒక్క రంగుంటదా సారు?”

నలభై ఏళ్ళుగా వ్యవసాయం ఉన్న ఇంటివాణ్ణి, తాళంచెవులు తీసుకుని బండెక్కాను. సూర్యాపేటలో కానిస్టేబుల్ ఆపి, చుట్టూ రెండుసార్లు తిరిగి “ఏం రంగు బండి ఇది?” అంటే, “వరి” అన్నాను. వెళ్ళమన్నాడు. కోదాడలో నీళ్ళ సర్వీసింగుకు ఇస్తే ఆ మట్టి రంగు మడ్‌గార్డును గంటసేపు రుద్ది, “ఈ బురద పోవట్లేదండీ, మా వల్ల కాదు” అని చేతులెత్తేశారు.

ఇంతవరకు మీరు నవ్వారు. ఇక ముందు నవ్వుతారో లేదో నాకు తెలియదు.

ఆ ఏడు నెలలూ నేను రోజూ పొద్దున ఎనిమిదింటికి షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. బోర్లించిన రంగు డబ్బా ఒకటి ఉండేది, నా కుర్చీ అదే. రెండు చాయ్‌లు తాగేవాళ్ళం, ప్రతి విషయం మీదా కొట్లాడేవాళ్ళం. రిటైరైనవాడి మాటకు ఇంట్లో అందరూ ‘ఊఁ’ అంటారు. మల్సూర్ ఒక్కడే ‘గట్ల కాదు సారు’ అనేవాడు. బండి చేతికొచ్చిన మర్నాడు కూడా అలవాటుగా ఎనిమిదింటికి వెళ్ళాను. ఆయన తల ఎత్తి, “ఏం పని సారు?” అన్నాడు. మర్యాదగానే అడిగాడు. నాకు ఏ పనీ లేదు. ఊరికే వచ్చాను, నీతో మాట్లాడాలని వచ్చాను అని చెప్పి ఉంటే సరిపోయేది. ముప్పై ఏళ్ళు కాలువల మీద పెత్తనం చేసినవాణ్ణి, పని లేకుండా రేకు పని షెడ్డులో డబ్బా మీద కూర్చోవడానికి వచ్చానని చెప్పుకోలేకపోయాను. టైర్లలో గాలి చూడమని చెప్పి వచ్చేశాను. గాలి బాగానే ఉంది.

ఆ వానాకాలం ఎడమ మడ్‌గార్డుకు తుప్పు పట్టింది. మల్సూర్ ఆశ్చర్యపోయాడు, కోసి కొత్త రేకు వేశాడు. నాలుగు వారాల పని, నాలుగు వారాల చాయ్. మరుసటేడు మళ్ళీ అదే చోట పట్టింది. రెడ్ ఆక్సైడ్ కొనే దుకాణం మార్చాడు. మూడో ఏడు జవహర్ గారి దుకాణానికి పోయి రేకు మంచిది కాదని గొడవ పెట్టుకున్నాడు. జవహర్ గారూ, ఆ రేకు మంచిదే. నాలుగో ఏడు నిమ్మకాయలు కట్టాడు. అయిదో ఏడు మూడు పొరలకు బదులు ఏడు పొరలు వేశాడు. ఆరో ఏడు, అంటే ఈ వానాకాలం, తుప్పును చూసి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. “జంగు బండికి కాదు సారు, నా చేతికి పట్టింది” అన్నాడు. ఆ వారమే స్ప్రే గన్ను కడిగి, నూనె పూసి, పెట్టెలో పెట్టేశాడు.

అందుకే ఈ సభ. శాలువా, పూలదండ, ఆయనకన్నా నా జీపు పెద్దగా పడిన ఈ ఫ్లెక్సీ, అన్నీ అందుకే. మోకాళ్ళ నొప్పులని మీకు చెప్పాడు. అది అబద్ధం. పోయిన సోమవారం సాలి మా ఇంటికి వచ్చింది. “అన్నం ముందట వెట్టుకొని చెయ్యి తిప్పి తిప్పి సూస్కుంటున్నడు సారు, ముద్ద నోట్లె వెడ్తలేడు. జర నువ్వన్న చెప్పు” అంది. నేను చెబుతానన్నాను. అప్పటినుంచీ చెప్పలేదు.

(మల్సూర్ వైపు తిరిగారు.)

మల్సూర్, నీ చేతికి ఏమీ కాలేదు. ఆ తుప్పు నేను పట్టించాను.

మడ్‌గార్డు లోపలివైపు మేకుతో గీకి, దొడ్డుప్పు కలిపిన నీళ్ళలో గోనెసంచి తడిపి కట్టాను. ఆరేళ్ళు, ప్రతి వానాకాలం. రాజమ్మా, డబ్బాలో ఉప్పు ఎటు పోతోందని అడిగేదానివి కదా, అటే పోయింది. ఒక మధ్యాహ్నం నువ్వు చూసి “బండికి తడిగుడ్డ కట్టినవేంది?” అంటే “జ్వరమొచ్చింది” అన్నాను. నువ్వు ‘ఊఁ’ అన్నావు. (నవ్వులు, ఆగిపోయాయి.) నాకు చాయ్ తాగే పని కావాలి. అందుకోసం ఆరేళ్ళు ఒక పనివాడికి తన చెయ్యి మీదే అనుమానం పుట్టించాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేను చెయ్యలేదు.

వీరేందర్ గారూ, ఒక్క నిమిషం, మల్సూర్ గారు లేచారు. పోనివ్వండి. దండ తియ్యకుండానే బయటికి పోతున్నారు. జవహర్ గారూ, మీరు గుమ్మం దగ్గరున్నారు, ఎటు పోయారో చెప్పండి.

జవహర్: జీపు దగ్గరికండీ! కింద దూరాడు... మడ్‌గార్డు లోపల వేలు పెట్టి... అయ్యో, నాలిక మీద పెట్టుకున్నాడండీ!

(సభలో సగం మంది కిటికీల దగ్గరికి వెళ్ళారు. మల్సూర్ తిరిగి వచ్చి వేదిక కింద నిలబడ్డాడు.)

మల్సూర్: దొడ్డుప్పే.

అవును.

మల్సూర్: ఆరేండ్లు?

ఆరేళ్ళు.

మల్సూర్: చాయ్ కోసం?

చాయ్ కోసం కూడా కాదు మల్సూర్. ఇంట్లో చాయ్ బాగానే ఉంటుంది.

(మల్సూర్ తన కుడి చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. శాలువా తీసి మడిచి అధ్యక్షుల ముందు బల్ల మీద పెట్టాడు.)

మల్సూర్: గీ శాలువా లోపల వెట్టుండ్రి, నేను పని బంద్ జేసిననాడు తీస్కుంట. సారు, రేపు ఎనిమిదింటికి రా. గా జంగు నాది కాదు, నువ్వే గీకాలె. నేను డబ్బా మీద కూసుంట.

విన్నారు కదా. గీకడం నాకు రాదంటే ఆయన ‘గట్ల కాదు సారు’ అంటారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. వీరేందర్ గారూ, సభను పాడుచేశాను, క్షమించండి. వంటలు మాత్రం పాడవలేదు, అందరూ తిని వెళ్ళండి. అక్కడ నవ్వుతూ ఏడుస్తున్న సాలి గారికి, ఇంటికి వెళ్ళాక ఆ రెండో చెప్పును బయటికి తీయబోతున్న మా రాజమ్మకు, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంకా మాట్లాడాలని ఉంది కానీ తొందరగా పడుకోవాలి. రేపు పొద్దున ఎనిమిదింటికి నాకు పని ఉంది.

సెలవు.