గంటన్నర ముందున్న కెమెరా

హలో… ఆ, ఫక్రుద్దీన్ సేట్, నేను సంజీవ్‌ను… సువైక్‌లనే ఉన్న. మనం కెమెరాలు బిగించిన ఇంటి యజమాని, ఆ అర్బాబ్ ఇంటి ముంగట.

…లేదు, ఇంక లోపలికి పోలే. ముందు మీకు చెప్దామని ఆగిన.

తిట్టుండ్రి గని, ఇనుండ్రి సేట్. ఈ ఇంట్ల వంట చేసే తిరుపతమ్మక్క లేదా… ఆ, కడపామెనే. పోయిన మేడం బంగారు గాజులు ఆమె దొంగిలియ్యలే. తప్పు నాది.

…ఏం తప్పంటే… నా చేతి గడియారం ఎప్పుడూ ఇండియా టైంలనే ఉంటది. ఇంటికాడ ఎవరేం చేస్తుండ్రో తెలుస్తదని. కెమెరాలల్ల టైం దాన్నే చూసి పెట్టిన… ఔ. ఈడి ఒమాన్ టైం కంటె అన్నీ గంటన్నర ముందున్నయి.

నవ్వకుండ్రి సేట్!

మొన్న నాలుగున్నరకు మేడమే గోధుమలు, మాంసం ఉడికించిన హరీస్ గిన్నె ఇచ్చి అక్కను పక్కింటికి పంపింది. రంజాన్ కదా, రోజూ పంపుతది. పెరటి కెమెరాల అది ఆరని పడ్డది. ఆరింటికి ఇంట్ల ఎవ్వరు లేరు, ఇఫ్తార్‌కు అందరు అర్బాబ్ వాళ్ల పెద్దాయన ఇంటికి పోయిండ్రు. మేడం పంపినంక ఇంకోపారి పోయిందనుకుని, ఎవ్వరు లేని టైంల గిన్నెల ఏం పెట్టుకపోయినవని… ఆ, గదే సాక్ష్యం. పొద్దుగాల ఆ బొమ్మ తీసి చూపెట్టింది గూడ నేనే.

…ఎట్ల తెలిసిందంటే, ఇప్పుడే ఫోన్ల ఆ రోజు ముందు గేటు బొమ్మ చూసిన. ఇంటోళ్ల కారు బయటికి పోయింది ఏడింటికని ఉన్నది. ఏడింటికి ఇఫ్తారే అయిపోతది గద! అసలు పోయింది ఐదున్నరకు.

…లైసెన్సా? ఇప్పుడు గది తెస్తుండ్రా!

అవును, నేనే కొననియ్యలే. బొమ్మలు దాచే డబ్బాతోని లైసెన్స్ ఒక్క కెమెరాకే వస్తది. తతిమ్మ ఐదింటికి ఒక్కోటి కొనాలె. ఎందుకు కొనాలె? కెమెరాలే నేరుగ డబ్బాల ఫోల్డర్‌కు బొమ్మలు పంపుతయి. ఆ సౌలత్ వాటిల్నే ఉన్నది. నేనేం తాళం పగలగొట్టలే.

…నిజమే, లైసెన్స్ ఉంటే బొమ్మల మీద డబ్బాల ఉన్న సరైన టైమే పడుతుండె. అయినా టైం తప్పు పెట్టింది నేను సేట్. పైసలు కట్టకపోవుడు తప్పెట్లయితది? రేపు ఇంకో ఇంట్ల గూడ గిట్లనే పెడత. టైం సరిగ్గ చూసి పెడత, గంతే.

…ఏందీ? గుట్టుగ టైం దిద్ది రావాల్నా?

…తెల్వది. ఎవ్వరికీ తెల్వది, ఒప్పుకుంట. సాయంత్రం అసర్ నమాజు కాంగనే ఆమెను పోలీస్ టేషన్‌కు తీస్కపోతరు. ఆమె పోయినంక టైం మంచిగుంటే ఎవలికి సేట్?

…దుకాణం పేరు చెడుతదా? మరి ఆమె పేరు?

…తీసెయ్యుండ్రి. వీసా గూడ కొట్టేపియ్యుండ్రి… పాస్‌పోర్ట్ మీ బీరువల ఉన్నది, తెలుసు… భయమెందుకు లేదు? అయినా పోత.

ఆగుండ్రి… గేటు తీస్తుండ్రు.

లేదు, లైన్ కట్ చెయ్య. ఫోన్ గిట్లనే అంగీ జేబుల వేస్తున్న. మీరు గూడ ఇనుండ్రి—

సలామలేకుం, అర్బాబ్… కెమెరా టైం గలత్ హై. గల్తీ మేరా హై… తిరుపతమ్మ చోర్ నహీ.